ఏఐతో పని: కొందరికి వేగం, కొందరికి ఆలస్యం ఎందుకు?

క్లుప్తంగా: ఒకే రకం ఏఐ కొందరి పనిని బాగా తగ్గిస్తుంటే, ఇంకొందరికి ఉన్న సమయాన్నీ తినేస్తోంది. ఈ తేడా ప్రాంప్టు, అంటే ఏఐకి ఇచ్చే ఆదేశం, రాసే తీరులో కన్నా, వచ్చిన జవాబును చెక్ చేయడానికి ఎంత ఖర్చవుతుందన్న దాంట్లోనే ఎక్కువగా ఉంది. చెక్ చేయగల సత్తా ఆ పనిని స్వయంగా చేసినవాళ్లకే వస్తుంది. ఏఐ తగ్గిస్తున్నది సరిగ్గా ఆ అభ్యాసాన్నే.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది. అప్పటి నుంచి 'ఏఐతో పనిచేయడం నేర్చుకోండి' అన్న సలహా ప్రతి రంగంలోనూ వినిపిస్తోంది. ఏం నేర్చుకోవాలి అని అడిగితే మాత్రం ఆ సలహా పలచబడిపోతుంది. చాలా కోర్సులు ప్రాంప్టుల చిట్కాల దగ్గరే ఆగిపోతున్నాయి. నేర్చుకోకపోతే వెనకబడతామన్న టెన్షన్ ఒకవైపు, నేర్చుకున్నా పని తగ్గలేదన్న అనుభవం మరోవైపు ఉద్యోగులను అయోమయంలో పడేస్తున్నాయి.

పరిశోధనలు కూడా మొదటి చూపులో ఈ అయోమయాన్ని పెంచేవిగానే కనిపిస్తాయి. ఒకటి వేగం పెరిగిందంటుంది, ఇంకొకటి తగ్గిందంటుంది. రెండూ జాగ్రత్తగా చేసినవే. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే, నేర్చుకోవాల్సింది ఎక్కడుందో బయటపడుతుంది.

పొసగని లెక్కలు

ముందు లాభం చూపిన లెక్కలు. 2023లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఎంఐటీ ప్రయోగంలో, డిగ్రీ చదివిన 453 మంది ఉద్యోగులకు ప్రెస్ నోట్లు, చిన్న రిపోర్టులు, సున్నితమైన ఈమెయిళ్ల లాంటి రాత పనులు అప్పగించారు. వాళ్లలో సగం మందికి చాట్‌జీపీటీ వాడుకునే వీలు ఇచ్చారు. వాళ్లకు పట్టిన సమయం సగటున 40 శాతం తగ్గింది. రాత నాణ్యత 18 శాతం పెరిగింది. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనం ఒక కంపెనీలో 5,000 మందికి పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగులను పరిశీలించింది. ఏఐ సూచనలు అందుకున్నవాళ్లు గంటకు పరిష్కరించే సమస్యల సంఖ్య సుమారు 14 శాతం పెరిగింది. కొత్తగా చేరినవాళ్లలో, నైపుణ్యం తక్కువగా ఉన్నవాళ్లలో అది 34 శాతం దాకా ఉంది. బాగా అనుభవం ఉన్నవాళ్లకు దాదాపు ఏమీ కలిసిరాలేదు.

ఆ చివరి మాటను దృష్టిలో పెట్టుకుని 2025లో ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ ప్రకటించిన ఫలితాలు చూడాలి. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ప్రాజెక్టుల్లో పనిచేసే అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్లు, ఏళ్ల తరబడి తాము పనిచేస్తున్న ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేశారు. కొన్నింటికి ఏఐ వాడొచ్చు, కొన్నింటికి వాడకూడదు. ఏ పని ఏ కోవలోకి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఇందులో పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, వాడినవి 2025 మొదటి నెలల నాటి టూల్స్. కాబట్టి ఈ అంకెను ప్రోగ్రామర్లందరికీ అంటగట్టలేం.

అయితే ఆ ప్రయోగంలో వేగం కన్నా ముఖ్యమైన అంకె ఇంకొకటి ఉంది. పని మొదలుపెట్టే ముందు ఆ ప్రోగ్రామర్లు ఏఐ వల్ల 24 శాతం సమయం ఆదా అవుతుందని అంచనా వేశారు. అంతా అయిపోయాక అడిగితే 20 శాతం ఆదా అయిందన్నారు. గడియారం చెప్పింది అందుకు పూర్తి వ్యతిరేకం. టైప్ చేసే శ్రమ తగ్గితే పని తేలికైనట్టు అనిపిస్తుంది. తేలికవడం వేరు, త్వరగా పూర్తవడం వేరు. ఏఐ తనకు ఉపయోగపడుతోందా లేదా అన్న విషయంలో సొంత అనుభూతిని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క ఫలితమే చెబుతుంది. అప్పుడప్పుడు ఒకే రకం పనిని ఏఐతో ఒకసారి, ఏఐ లేకుండా ఒకసారి చేసి, దిద్దుబాట్లకు పట్టిన సమయం కూడా కలిపి లెక్కవేసుకుంటే తప్ప నిజం తెలియదు.

ఎగుడుదిగుడు సరిహద్దు

హార్వర్డ్ బిజినెస్ స్కూల్, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ తదితర సంస్థల పరిశోధకులు 2023లో 758 మంది కన్సల్టెంట్లతో చేసిన ప్రయోగం ఈ చిక్కుముడికి ఒక కొస అందించింది. కొత్త ఉత్పత్తికి ఐడియాలు ఇవ్వడం, ప్రచారానికి రాత తయారుచేయడం లాంటి 18 పనుల్లో జీపీటీ-4 అనే ఏఐ మోడల్ వాడినవాళ్లు 12.2 శాతం ఎక్కువ పనులు పూర్తిచేశారు. 25.1 శాతం వేగంగా చేశారు. నాణ్యత కూడా బాగా పెరిగింది. వేరే బృందానికి ఇంకో రకం పని ఇచ్చారు. అందులో అంకెల పట్టిక చూస్తే ఒక జవాబు తోస్తుంది, జతచేసిన ఇంటర్వ్యూలను శ్రద్ధగా చదివితే అసలు జవాబు వేరని అర్థమవుతుంది. ఇక్కడ ఏఐ వాడినవాళ్లు సరైన జవాబు చేరే అవకాశం, వాడనివాళ్లతో పోలిస్తే 19 శాతం పాయింట్లు తగ్గిపోయింది. మనిషికి ఈ రెండు రకాల పనులూ ఇంచుమించు ఒకే స్థాయి కష్టంగా కనిపిస్తాయి. ఏఐకి మాత్రం ఒకటి గీతకు ఇవతల, రెండోది అవతల. ఆ గీత తిన్నగా ఉండదు కాబట్టే పరిశోధకులు దాన్ని ఎగుడుదిగుడు సరిహద్దు అన్నారు.

గీత ఇలా వంకర్లు పోవడానికి కారణం ఈ వ్యవస్థల నిర్మాణంలోనే ఉంది. చాట్‌జీపీటీ లాంటి ఏఐకి ఆధారమైన పెద్ద భాషా మోడల్ తన ముందున్న పాఠం తర్వాత ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి, ఒక్కొక్క ముక్కే పేర్చుకుంటూ పోతుంది. ఈ ముక్కలకు టోకెన్లని పేరు. మోడల్‌కు అక్షరాలు విడివిడిగా కనిపించవు, టోకెన్లే కనిపిస్తాయి. అందుకే క్లిష్టమైన ప్రోగ్రాము రాయగలిగిన మోడళ్లే ఒక మాటలో ఫలానా అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేక తడబడిన రోజులున్నాయి. శిక్షణలో విరివిగా కనిపించిన విషయాలపై జవాబు గట్టిగా ఉంటుంది. అరుదైన విషయాలు, శిక్షణ ముగిశాక జరిగిన సంగతులు, ఇంటర్నెట్‌లో తక్కువ పాఠం ఉన్న భాషలు వచ్చేసరికి పట్టు సడలుతుంది. పట్టు సడలినా వాక్యం మాత్రం సడలదు. తెలిసినప్పుడూ తెలియనప్పుడూ ఒకే ధాటితో, ఒకే మర్యాదతో జవాబు వస్తుంది.

ఎదుటి మనిషి విషయంలో మనకు తెలియకుండానే కొన్ని గుర్తులు పనిచేస్తుంటాయి. తెలియనివాడు నసుగుతాడు, మాట దాటేస్తాడు, రాతలో తప్పులు దొర్లుతాయి. భాష శుభ్రంగా ఉంటే విషయం కూడా శుభ్రంగా ఉంటుందని అనుకోవడం చాలా సందర్భాల్లో చెల్లేది. ఏఐ రాతలో ఈ గుర్తులేవీ పనికిరావు. ఇంకో చిక్కు కూడా ఉంది. మనుషులు మెచ్చిన జవాబులను ఆధారం చేసుకుని మోడళ్లను మలుస్తారు కాబట్టి, అడిగినవాళ్ల అభిప్రాయానికి తలూపే గుణం వాటికి అబ్బుతుంది. 'ఈ ప్లాన్ బాగుంది కదా' అని అడిగితే బాగుందనే వస్తుంది. 'ఈ ప్లాన్ ఎక్కడ విఫలమవుతుంది' అని అడిగితే అదే మోడల్ పనికొచ్చే అభ్యంతరాలు బయటపెడుతుంది.

ఈ సరిహద్దు కదులుతూ కూడా ఉంటుంది. నిరుడు చేతకాని పని ఈ ఏడాది సులువుగా చేసేయొచ్చు. అంటే ఏఐ ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్న పట్టిక ఒకటి బట్టీపట్టి లాభం లేదు. తన రంగంలో జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు కొన్ని దగ్గర పెట్టుకుని, కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా వాటితో పరీక్షించి చూడటం అంతకన్నా నికరమైన పద్ధతి.

చెక్ చేయడానికి అయ్యే ఖర్చు

ఏదైనా పనిని ఏఐకి ఇవ్వాలా వద్దా అన్నది రెండు ఖర్చుల మధ్య పోలిక. ఒకటి, ఆ పని స్వయంగా చేయడానికి పట్టే సమయం. రెండోది, ఏఐకి వివరించి, అది చేసినదాన్ని చెక్ చేసి, తప్పులు సరిదిద్దడానికి పట్టే సమయం. మొదటిది పెద్దదై రెండోది చిన్నదైతే లాభం. చాలామంది మొదటి ఖర్చును మాత్రమే చూస్తారు.

కొన్ని పనులు చేయడం కష్టం, చెక్ చేయడం తేలిక. స్ప్రెడ్‌షీట్‌కు ఒక చిక్కు ఫార్ములా రాయాలంటే గంట పట్టొచ్చు, వచ్చిన ఫార్ములా సరైనదో కాదో తెలిసిన అంకెలు వేసి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ముందే టెస్టులు రాసిపెట్టుకున్న కోడ్ కూడా ఈ కోవలోదే. శీర్షికకు ఇరవై ఐడియాలు అడిగితే పంతొమ్మిది పనికిరాకపోయినా నష్టం లేదు, నచ్చింది చూడగానే తెలుస్తుంది. మరికొన్ని పనుల్లో చెక్ చేయడమంటే పని మొత్తం మళ్లీ చేయడమే. పొడవాటి నివేదికల్లోంచి ఏరిన అంకెలు, కోర్టు తీర్పుల ప్రస్తావనలు, మందుల మోతాదులు ఇలాంటివి. ఒక్కొక్కటీ మూలంలోకి వెళ్లి చూడక తప్పదు.

పని పేరు ఒక్కటే అయినా, చేయించేవాళ్లను బట్టి ఈ ఖర్చు మారిపోతుంది. సారాంశం రాయించడం చూడండి. తాను కూర్చున్న మీటింగుకు సారాంశం రాయిస్తే, ఏం వదిలేసిందో ఏం వక్రీకరించిందో చదవగానే పట్టుకోవచ్చు. తాను చదవని రెండొందల పేజీల రిపోర్టుకు సారాంశం రాయిస్తే, అది సరైనదని తెలుసుకునే దారి ఆ రిపోర్టు చదవడం ఒక్కటే. టూల్ అదే, అడిగిన మాటా అదే, రిస్కు మాత్రం పూర్తిగా వేరు. 'ఏఐ సారాంశాలు బాగా రాస్తుందా' అన్న ప్రశ్నకు ఒక్క జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే.

ఎంఈటీఆర్ ఫలితాన్ని కూడా ఈ కోణంలో చూస్తే చాలావరకు అర్థమవుతుంది. ఆ ప్రోగ్రామర్లకు తమ ప్రాజెక్టు ఆనుపానులన్నీ తెలుసు. అంటే స్వయంగా చేసే ఖర్చు అప్పటికే తక్కువ. ఆ తెలిసినదంతా ఎక్కడా రాసి లేదు, అది ఏఐకి తెలియదు, చెప్పాలంటే చాలా చెప్పాలి. ఏఐ ఇచ్చిన కోడ్‌లో వాళ్లు అంగీకరించింది 44 శాతం కన్నా తక్కువ. మిగతాది చదివి పక్కన పెట్టడానికీ సమయం పట్టింది. దీనికి తలకిందుల పరిస్థితి కస్టమర్ సపోర్ట్ కొత్త ఉద్యోగిది. తెలిసింది తక్కువ, ప్రశ్నలు మళ్లీ మళ్లీ వచ్చేవే, సూచన సరిపోయిందో లేదో ఎదుటి కస్టమర్ మాటల్లో వెంటనే తెలిసిపోతుంది.

చెక్ చేయడంలో చిన్న నియమం ఒకటుంది. ఆధారం ఆ ఏఐకి బయట ఉండాలి. న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఎవియాంకా విమాన సంస్థపై నడిచిన దావాలో ఇది స్పష్టంగా బయటపడింది. వాది తరఫు న్యాయవాదులు చాట్‌జీపీటీ అందించిన పాత తీర్పులను తమ వాదనలో పేర్కొన్నారు. ఆ తీర్పులేవీ లోకంలో లేవు. అవి నిజమైనవేనా అని వాళ్లలో ఒకరు అడిగారు కూడా, అయితే అడిగింది చాట్‌జీపీటీనే. నిజమైనవేనని అది జవాబిచ్చింది. 2023 జూన్‌లో జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. తీర్పుల డేటాబేస్‌లో కొద్ది నిమిషాలు వెతికి ఉంటే సరిపోయేది.

కాపలా ఉన్న మనిషి ఎందుకు ఏమరుతాడు

'చివర్లో ఒక మనిషి చూస్తాడు' అన్న ఏర్పాటు దాదాపు ప్రతి సంస్థా చెప్పే భరోసా. అది నిలవాలంటే ఆ మనిషి నిజంగా చూడాలి. తప్పులు అరుదుగా వచ్చే వ్యవస్థను గంటల తరబడి కనిపెట్టుకుని ఉండటం మనిషి మెదడుకు సరిపడని పని. రాడార్ ఆపరేటర్ల సమస్యపై బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రకటించిన గడియారం ప్రయోగాల్లో, మొదటి అరగంటలోనే ఏకాగ్రత పడిపోవడం కనిపించింది. 1983లో లిజాన్ బేన్‌బ్రిడ్జ్ అనే మరో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకా లోతైన చిక్కును ఎత్తిచూపారు. యంత్రం మామూలు పనంతా తీసేసుకుని, అసాధారణ పరిస్థితిని మనిషికి వదిలేస్తుంది. రోజువారీ అభ్యాసం పోయిన మనిషి అత్యంత కష్టమైన క్షణంలో పగ్గాలు అందుకోవాల్సి వస్తుంది.

2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో జరిగింది ఇలాంటిదే. వేగాన్ని కొలిచే గొట్టాలకు మంచు పట్టింది, ఆటోపైలట్ తప్పుకుంది, విమానం పైలట్ల చేతికి వచ్చింది. ఆ ఎత్తులో చేత్తో నడిపే శిక్షణ వాళ్లకు లేదని దర్యాప్తు నివేదిక తర్వాత పేర్కొంది. నాలుగున్నర నిమిషాల్లోపే విమానం అట్లాంటిక్‌లో పడిపోయింది, 228 మంది చనిపోయారు. ఆఫీసు పనుల్లో పరిణామాలు ఇంత దారుణంగా ఉండవు. నడిచే తీరు మాత్రం ఒకటే.

అనుభవం ఒక్కటే కాపాడుతుందనుకోవడానికీ లేదు. రొమ్ము క్యాన్సర్ ఎక్స్‌రేలు చదివే 27 మంది రేడియాలజిస్టులతో జర్మనీలో చేసిన ప్రయోగం 2023లో ప్రచురితమైంది. ఏఐ సరైన సూచన ఇచ్చినప్పుడు బాగా అనుభవమున్న డాక్టర్లు 82 శాతం చిత్రాలను సరిగా అంచనా వేశారు. పరిశోధకులు కావాలనే ఏఐ పేరుతో తప్పు సూచన చూపినప్పుడు అది 46 శాతం దగ్గరకు పడిపోయింది. అనుభవం తక్కువ ఉన్నవాళ్లలో 80 శాతం నుంచి 20 శాతానికి దిగజారింది. కళ్ల ముందు చిత్రం ఉంది, చదివే విద్య చేతిలో ఉంది. ఎవరో ముందే చెప్పిన జవాబు చూపును లాగేసింది.

అదే వైద్యంలో, అదే ఎక్స్‌రేల మీద స్వీడన్‌లో 80,000 మందికి పైగా మహిళలతో జరిగిన మాసాయ్ పరీక్ష ఇంకో దారి చూపింది. అక్కడ మామూలుగా ఒక్కో చిత్రాన్ని ఇద్దరు డాక్టర్లు చదవాలి. ఏఐ ముందు అన్ని చిత్రాలనూ రిస్కును బట్టి వర్గాలు చేసింది. తక్కువ రిస్కు చిత్రాలను ఒక డాక్టరు, ఎక్కువ రిస్కు ఉన్నవాటిని ఇద్దరు చదివారు. చదివే భారం 44 శాతం తగ్గింది, క్యాన్సర్లను గుర్తించడం మాత్రం తగ్గలేదు. ఇక్కడ ఏఐ డాక్టర్ల శ్రద్ధ ఎటు వెళ్లాలో నిర్ణయించింది, ఆ శ్రద్ధను మాన్పించలేదు. ఒకే రకం సాయం రెండు రకాల ఏర్పాట్లలో ఇంత వేరు ఫలితాలు ఇస్తుంటే, ఉద్యోగిని 'జాగ్రత్తగా ఉండండి' అని హెచ్చరించడం కన్నా పనిని సరిగ్గా పంచడమే ఫలితమిస్తుందని ఒప్పుకోక తప్పదు.

106 ప్రయోగాల ఫలితాలను కలిపి 2024లో ప్రచురించిన విశ్లేషణ కూడా ఇటువైపే చూపిస్తోంది. మనిషి, ఏఐ కలిసి చేసిన పని, ఇద్దరిలో మెరుగైనవారు ఒంటరిగా చేసిన పని కన్నా సగటున తక్కువగానే ఉంది. నిర్ణయాలు తీసుకునే పనుల్లో నష్టం, కొత్తగా ఏదైనా తయారుచేసే పనుల్లో లాభం కనిపించాయి. మనిషి ఒక్కడే ఏఐ కన్నా మెరుగ్గా ఉన్న చోట జంట లాభపడింది, ఏఐ మెరుగ్గా ఉన్న చోట నష్టపోయింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఆ పనిలో తానే మెరుగైనవాడికి ఏఐ మాట ఎప్పుడు వినాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో తెలిసే అవకాశం ఎక్కువ.

దీని నుంచి ఆచరణలో పెట్టగలిగేది ఒకటుంది. నిర్ణయం అవసరమైన చోట, ఏఐ జవాబు చూడకముందే సొంత అంచనాను రెండు ముక్కల్లో రాసిపెట్టుకోవడం. తర్వాత రెంటినీ పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో కనిపిస్తుంది, శ్రద్ధ అక్కడ పెట్టొచ్చు. జవాబు ముందే చూసేస్తే పోల్చడానికి ఏమీ మిగలదు.

నేర్చుకునే మెట్లు మాయమైతే

చెక్ చేయగల సత్తా ఎక్కడి నుంచి వస్తుందన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. తుర్కియేలో సుమారు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థులతో జరిగిన లెక్కల ప్రయోగం ఈ విషయంలో చాలా చెబుతుంది. మామూలు చాట్ రూపంలో జీపీటీ-4 ఇచ్చిన పిల్లలు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. పరీక్షలో దాన్ని తీసేశాక, అసలెప్పుడూ ఏఐ వాడని పిల్లల కన్నా 17 శాతం తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. మూడో బృందానికి జవాబు చెప్పకుండా, టీచర్లు రూపొందించిన సూచనలు మాత్రమే ఇచ్చే ఏఐని అందించారు. వాళ్ల సాధన 127 శాతం మెరుగైంది, పరీక్షలో కలిగిన నష్టం దాదాపు పూర్తిగా తొలగిపోయింది. సూచన అందుకున్న పిల్లాడు తర్వాతి మెట్టు తానే ఎక్కాడు. జవాబు అందుకున్నవాడికి ఎక్కే పని పడలేదు.

చదువు పూర్తయి, చేయి తిరిగినవాళ్లకూ ఈ బెడద తప్పదనడానికి 2025లో పోలండ్ నుంచి వచ్చిన ఆధారం ఉంది. అక్కడి 4 కేంద్రాల్లో పెద్దపేగు కెమెరా పరీక్షల్లో ఏఐ సాయం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న గడ్డలను డాక్టర్లు గుర్తించిన రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి తగ్గింది. వాళ్లంతా వేల పరీక్షలు చేసిన అనుభవజ్ఞులు. ఇది లాటరీ పద్ధతిలో విభజించి చేసిన ప్రయోగం కాదు, కాబట్టి వేరే కారణాలూ ఉండొచ్చు. అయినా కొద్ది నెలల్లో ఇంత తేడా కనిపించడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

ఉద్యోగాల్లో దీని ప్రభావం ముందుగా కింది మెట్టు మీద పడుతుంది. లా ఆఫీసులో పాత తీర్పులు వెతకడం, సాఫ్ట్‌వేర్‌లో చిన్న చిన్న బగ్స్ సరిచేయడం, పత్రికలో ఏజెన్సీ వార్తలను తిరగరాయడం కొత్తవాళ్లకు ఇచ్చే పనులు. ఏఐకి అప్పగించడానికి అన్నిటికన్నా అనువైనవీ ఇవే. సంస్థకు వీటి వల్ల వచ్చే ఆదాయం తక్కువే కావొచ్చు, రేపటి సీనియర్లు తయారైంది మాత్రం ఈ పనుల్లోనే. ఇవాళ ఏఐ తప్పును ఒక్క చూపులో పట్టేస్తున్న నిపుణులంతా ఏఐ లేని రోజుల్లో చేయి కాల్చుకుని నేర్చుకున్నవాళ్లు. తర్వాతి తరానికి ఆ చూపు ఎలా వస్తుందన్న దానికి చాలా సంస్థల దగ్గర జవాబు లేదు. కొత్తవాళ్లతో మొదటి చిత్తు స్వయంగా రాయించి, ఆ తర్వాతే ఏఐతో పోల్చి చూపించడం ఒక దారి. అందుకు సమయం ఖర్చవుతుంది. ఆ ఖర్చును శిక్షణ కింద రాసుకోవడానికి సంస్థ సిద్ధపడాలి.

చదరంగం చరిత్ర ఇక్కడ పనికొచ్చే పోలిక. 1997 మేలో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో ఓడిన ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్, మరుసటి ఏడాదే కంప్యూటర్ సాయంతో మనుషులు ఆడే పోటీని స్పెయిన్‌లోని లియోన్‌లో ఆడి చూపించారు. 2005లో ఇలాంటి ఇంటర్నెట్ పోటీలో గెలిచింది గ్రాండ్‌మాస్టర్లు కాదు, మూడు కంప్యూటర్లను నేర్పుగా వాడిన ఇద్దరు ఔత్సాహిక ఆటగాళ్లు. 'మనిషి, యంత్రం కలిస్తే తిరుగులేదు' అనడానికి ఈ కథను ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. ఆ తర్వాతి భాగం ఎక్కువగా చెప్పరు. చదరంగం ఆడే ప్రోగ్రాములు, అంటే ఇంజన్లు, ఎంత బలపడ్డాయంటే, మనిషి కల్పించుకుంటే ఎత్తు మెరుగయ్యే సందర్భాలు దాదాపు కనుమరుగయ్యాయి. నేటి ఆటగాళ్లు ఇంజన్‌ను సాధనకు వాడతారు, బోర్డు ముందు మాత్రం ఒంటరిగానే కూర్చుంటారు. కలిసి పనిచేసే తీరు శాశ్వతం కాదని, ఏ పనిలో ఎవరి వంతు ఎంతన్నది మళ్లీ మళ్లీ తేల్చుకోవాల్సిందేనని ఆ చరిత్ర చూపుతోంది.

ప్రాంప్టు సంగతి

ప్రాంప్టు రాయడానికి విలువ లేదని కాదు. ఎవరి కోసం, ఏ అవసరానికి, ఏ పరిమితుల్లో, మంచి ఫలితం ఎలా ఉంటుందో ఒక నమూనాతో సహా చెబితే జవాబు స్పష్టంగా మెరుగవుతుంది. మూల పత్రం ఇచ్చి, దాని మీదే ఆధారపడమని, ఏ పేజీలోంచి తీసుకుందో చూపమని అడిగితే చెక్ చేసే ఖర్చు తగ్గుతుంది. పెద్ద పనిని దశలుగా విడగొడితే తప్పు ఎక్కడ మొదలైందో దొరుకుతుంది. సంభాషణ దారి తప్పితే సరిదిద్దుతూ పోవడం కన్నా కొత్తగా మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే ముందు జరిగిన గందరగోళమంతా మోడల్ లెక్కలో భాగంగానే ఉండిపోతుంది.

ఇందులో మాయ మంత్రాలేమీ లేవు. ఫలానా మాట చేరిస్తే జవాబు బాగుంటుందన్న చిట్కాలు మోడల్ మారగానే పాతబడతాయి. చేయాల్సిన పని ఏమిటో తనకే స్పష్టంగా తెలిసి ఉండటం పాతబడదు.

సంస్థలు చేయాల్సిన భాగం

వ్యక్తుల నైపుణ్యం మీదే భారమంతా వేయడం న్యాయం కాదు. ఎడిసన్ విద్యుత్ కేంద్రం న్యూయార్క్‌లో 1882లోనే మొదలైంది. అమెరికా ఫ్యాక్టరీల్లో ఉత్పాదకత ఎగబాకింది 1920ల్లో. ఈ ఆలస్యానికి కారణాన్ని ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో వివరించారు. మొదట్లో ఫ్యాక్టరీలు ఆవిరి యంత్రాన్ని తీసి అదే చోట పెద్ద మోటారు పెట్టాయి, మిగతా ఏర్పాటును అలాగే ఉంచాయి. ఒక్కో యంత్రానికి ఒక్కో చిన్న మోటారు అమర్చి, పని నడిచే వరసలో ఫ్యాక్టరీని తిరిగి కట్టుకున్నాకే అసలు లాభం వచ్చింది. ఇప్పుడు చాలా ఆఫీసులు పాత పద్ధతుల మధ్యలో ఏఐని తెచ్చి పెడుతున్న దశలోనే ఉన్నాయి.

ఈ దశలో చెక్ చేసే ఖర్చు ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకు జారిపోతుంది. ఒకరు పది నిమిషాల్లో ఇరవై పేజీల రిపోర్టు తయారుచేసి పంపుతారు. దాన్ని చదివి, ఏది నిజమో ఏది నింపుడు మాటో తేల్చడానికి ఇంకొకరికి పూట పడుతుంది. పంపినవాళ్ల లెక్కలో ఇది ఆదా, టీమ్ లెక్కలో నష్టం. పంపేముందు చెక్ చేయాల్సిన బాధ్యత తయారుచేసినవాళ్లదేనని, ఏ భాగంలో ఏఐ వాడారో చెప్పాలని నియమం పెడితే ఈ జారుడు చాలావరకు ఆగుతుంది.

బయటివాళ్ల ముందు జవాబుదారీతనం సంస్థదే. ఎయిర్ కెనడా చాట్‌బాట్ టికెట్ రాయితీపై ఒక ప్రయాణికుడికి తప్పు సమాచారం ఇచ్చిన కేసులో, బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో కంపెనీనే బాధ్యురాలిని చేసింది. గోప్యత విషయంలోనూ ఇంతే. ఉద్యోగులు సంస్థ కోడ్‌ను బయటి చాట్‌బాట్‌లో పెట్టారని తెలిశాక శామ్‌సంగ్ 2023లో అలాంటి టూల్స్ వాడకాన్ని నిషేధించింది. ఐరోపా యూనియన్ ఏఐ చట్టం ప్రకారం, 2025 ఫిబ్రవరి 2 నుంచి ఏఐ వాడే సంస్థలు తమ సిబ్బందికి తగినంత ఏఐ పరిజ్ఞానం ఉండేలా చర్యలు తీసుకోవాలి. రిస్కు ఎక్కువగా ఉన్న వ్యవస్థల్లో పర్యవేక్షించే మనిషి యంత్రాన్ని గుడ్డిగా నమ్మే ధోరణిని కూడా ఆ చట్టం పేరు పెట్టి ప్రస్తావించింది.

ఇక ముందు ఈ ప్రశ్నలు మరింత పదునెక్కుతాయి. ఒక ప్రశ్నకు ఒక జవాబు ఇచ్చే దశ దాటి, ఫైళ్లు తెరిచి, మెయిళ్లు పంపి, కోడ్ నడిపి, వరసగా పదుల కొద్దీ అడుగులు తామే వేసే ఏఐ ఏజెంట్లు వచ్చేశాయి. ఒక్కో అడుగులో తప్పు జరిగే అవకాశం కొద్దిగానే ఉన్నా, అడుగులు పెరిగేకొద్దీ అది పోగవుతుంది. నూటికి 99 సార్లు సరిగ్గా వేసే అడుగును వరసగా 50 సార్లు వేస్తే, మొత్తం పని తప్పు లేకుండా ముగిసే అవకాశం 60 శాతం దగ్గరకు దిగుతుంది. ప్రతి అడుగునూ మనిషి చూడాలంటే ఏజెంటు ఉండి ప్రయోజనం లేదు, ఏదీ చూడకపోతే కాపలా లేనట్టే. వెనక్కి తీసుకోగలిగిన అడుగులను వదిలేసి, తీసుకోలేనివాటి దగ్గర, అంటే డబ్బు పంపడం, ఫైలు చెరిపేయడం, బయటివాళ్లకు మెయిల్ పంపడం లాంటి చోట్ల మనిషి అనుమతి తప్పనిసరి చేయడం ప్రస్తుతానికి అందుబాటులో ఉన్న పద్ధతుల్లో మెరుగైనది. ఎక్కువ సంస్థలు ఇప్పటికీ ఎంతమంది ఏఐ వాడుతున్నారన్నదే లెక్కపెడుతున్నాయి. ఏఐ చేసినదాన్ని సరిదిద్దడానికి ఎన్ని గంటలు పోతున్నాయో లెక్కపెట్టడం మొదలుపెడితే, ఏ పని అప్పగించాలో ఏది అట్టేపెట్టుకోవాలో ఆ సంస్థల సొంత రికార్డులే చెబుతాయి.